కడవ దించే బండ

నా భార్య పోయిన శుక్రవారం ఉదయం కన్ను మూసింది. జ్వరంతో పోయింది, బస్సు తగిలి కాదు. ఈ మాట ముందే చెప్పవలసి వస్తోంది. ఆ రోజు పాడె ఊరు దాటేదాకా నాగర్‌కర్నూలు పోయే బస్సు మా ఊరి దగ్గర ఆగిపోయింది. డ్రైవరు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ప్రయాణికులు ఏదేదో ఊహించుకున్నారు. గద్వాలలో ఉన్న ఆమె అన్నదమ్ములకు ఆ ఊహే వార్తగా చేరితే, వాళ్లు డ్రైవరును తిట్టుకుంటూ వచ్చారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన ఎందుకు ఆగాడో చెబితే ఆమె సంగతి చాలావరకు చెప్పినట్టే.

మా ఊరు గోపాల్‌పేట దాటాక రోడ్డుకు ఒక పక్కన ఉంటుంది. మంచినీళ్ల బావి రెండో పక్కన ఉంటుంది. ఊళ్లో తాగే ప్రతి చుక్కా రోడ్డు దాటి రావలసిందే.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా దారిలో బస్సు బొగ్గుతో నడిచింది. వెనక పొయ్యి కట్టుకొని, పొగ కక్కుకుంటూ, ఎత్తు వస్తే జనాన్ని దింపి నడిపించుకుంటూ వచ్చేది. అది గుట్ట మలుపులో కనబడ్డాక కూడా ఆడవాళ్లు తీరిగ్గా రోడ్డు దాటేవాళ్లు. దాటి, వెనక వచ్చేవాళ్లతో మాటలు కూడా కలిపేవాళ్లు. యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది. అదే బస్సు, అదే మలుపు. వేగం పెరిగిందని మాత్రం ఎవరూ దండోరా వేయించలేదు.

మా పక్కింటి పెద్దమ్మ బస్సును మలుపులో చూసి, నిండు కడవతో రోడ్డు మీదికి అడుగు వేసింది. అవతలి అంచు దాకా పోనేలేదు. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. రోజూ ఆమెకు గంజి తాగించి, ఒళ్లు తుడిచి వచ్చేది నా భార్య. పెద్దమ్మ ఎవరినీ నిందించలేదు. అర్థం కానట్టుగా ఒకే మాట అనేది.

"నేను ఎప్పటి లెక్కనే దాటిన బిడ్డా. బస్సే ఎప్పటి లెక్క రాలె."

ఆ మాట నా భార్యను పట్టుకుంది. అన్నం వడ్డిస్తూ గరిటె చేతిలోనే ఉంచుకొని ఆగిపోయి, "పెద్దమ్మ అన్నది నిజమే. మన కండ్లు ఇంకా బొగ్గు బస్సునే సూస్తున్నయ్" అంది. ఆమె తక్కువ మాట్లాడేది. కొంగు నడుముకు దోపిందంటే మాత్రం ఇక ఆ పని ఆగదని నాకు తెలుసు. ఆ రోజు దోపింది.

పెద్దమ్మకు మందు కోసం ఇద్దరం నాగర్‌కర్నూలు దవాఖానకు పోయాం. తిరిగి వచ్చేటప్పుడు ఆమె డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. ఆ రోజు పెద్దమ్మకు తగిలింది ఆయన నడిపిన బస్సే.

"అన్నా, గా ముసలామె నీకు యాడ కనపడ్డది?"

ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఆమె యాదికి రాని దినం లేదమ్మా. మలుపు తిరగంగనే చూసిన. బ్రేక్ కొట్టిన. ఆగలె."

"నాకొకపారి సూపియ్యి. గట్లనే కొట్టు."

"ఏందమ్మా, మజాకా?"

"మజాక్ కాదు. దారి మీద ఎవరు లేరు. సూపియ్యి."

ఊరు దగ్గరైంది. మలుపు తిరగగానే ఆయన "పట్టుకోండ్రి!" అని అరిచి బ్రేకు తొక్కాడు. మూటలు దొర్లాయి. బస్సు జారుతూ జారుతూ బావి దాటి ఆగింది. వెనక నుంచి ఒకాయన లేచి, "ఏమమ్మా, మీ ముసలామె పక్కకు మమ్ముల గూడ పండవెడ్తవా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. కిటికీ లోంచి వెనక్కి, బావి వైపు చూపించింది.

"సూసినవా అన్నా? నువ్వు మంచోనివే. బండికి నీ మంచితనం తెల్వదు."

మరునాటి నుంచి ఆయన మలుపుకు ముందే వేగం తగ్గించేవాడు. ఆమెకు అది చాలలేదు. "ఈయన పోతే ఇంకొకడొస్తడు. మన ఆడోళ్లు నిలవడుడు నేర్వాలె" అంది.

చెప్పినంత సులువు కాదు. నాకు బడి సెలవున్న రోజున బావి దగ్గర ఆమె ఆ మాట ఎత్తితే నేనూ విన్నాను.

"బస్సు కనపడంగనే ఆగున్రి. పోయినంక దాటున్రి."

"నిండు కడవ నెత్తిన వెట్టుకొని ఎంతసేపు నిలవడ్తం పంతులమ్మా? నీ మెడ ఇస్తవా?"

"దించుకోరాదు?"

"దించితే మల్ల ఎవరెత్తుతరు? నీ మొగడొస్తడా?"

"వస్తడు, బడి ఇడిసినంక" అంది నా భార్య. అందరూ నా వైపు చూసి నవ్వారు. కానీ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నిండు కడవ నేల మీద దించితే రెండో మనిషి లేకుండా మళ్లీ నెత్తికి ఎక్కదు. ఆ రెండో మనిషి నెత్తిన కూడా కడవ ఉంటుంది. అందుకే ఎవరూ దించరు, అందుకే ఎవరూ ఆగరు. ప్రాణానికి తెగించి కాదు, బరువుకు జంకి దాటుతున్నారు.

కొన్నాళ్లకు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా కొట్టం ముందు ఉండే పొడుగాటి బండ కనబడలేదు.

"బండేదీ?"

"పనిల వడ్డది."

బావి వైపు రోడ్డు పక్కన రెండు రాళ్లు నాటించి, వాటి మీద ఆ బండ వేయించింది. భుజాల ఎత్తు. కాస్త వంగితే కడవను నెత్తి మీది నుంచి దాని మీదికి జరపవచ్చు, మళ్లీ అలాగే నెత్తికి జరుపుకోవచ్చు. ఎవరి సాయమూ అక్కరలేదు. వడ్డెరాయన మొదట దాన్ని రోడ్డు అంచునే నిలబెట్టబోతే ఒప్పుకోలేదట. "బండి పట్టేంత ఎడం ఇడువు. బస్సు జారొచ్చే జాగల మనుషుల నిలవెడ్తమా?" అని వెనక్కి జరిపించిందని ఆయనే నాకు చెప్పాడు.

బండ వేసినంత మాత్రాన అలవాటు మారలేదు. చాలా రోజులు ఆమె పొద్దున్నే పోయి దాని పక్కన నిలబడింది. తిట్లు పడింది, తిట్టింది కూడా. పెద్దమ్మ మంచంలోనే పోయింది. ఆ తర్వాత మా ఊళ్లో ఎవరికీ బస్సు తగల్లేదు.

జ్వరం వచ్చి పడుకున్న రోజుల్లో బస్సు చప్పుడు వినబడితే కళ్లు తెరిచేది. చెవి పెట్టి విని, "మెల్లగనే వచ్చింది" అనేది. ఒకనాడు బస్సు వచ్చింది, ఆమె కళ్లు తెరవలేదు.

ఇప్పుడు నీళ్లకు నేనే పోతున్నాను. మొదటిరోజు నన్ను చూసి ఆడవాళ్లు మాటలు ఆపేశారు. నీళ్లు చేదుకొని, బిందె భుజాన పెట్టుకొని, నాలో నేను ఏదో అనుకుంటూ రోడ్డు వైపు నడిచాను. ఒక చెయ్యి నా ముందు అడ్డం వచ్చింది. "ఆగు పంతులూ, బస్సు" అంది ఎవరో. కడవలన్నీ వరుసగా బండ మీదికి చేరాయి. నా బిందెను కూడా నా భుజం మీది నుంచి తీసి వాటి సరసన పెట్టారు. బస్సు మలుపు తిరిగింది. ఆ పూట నడుపుతున్నది కొత్త డ్రైవరు, వేగం తగ్గించలేదు. ఎవరూ కదల్లేదు. అది పోయిన వెనక దుమ్ము లేచి మమ్మల్ని కప్పేసింది. కళ్లు తెరిచేసరికి ఆడవాళ్లందరూ కడవల మూతులకు అరచేతులు అడ్డం పెట్టి నిలబడి ఉన్నారు. నా బిందె మూతి మీద కూడా ఎవరిదో తడి చెయ్యి ఉంది.