మా ఇంట్లో లేని పుస్తకాల బీరువా

నాకు నచ్చిన నవలల గురించి జన్మలో ఒక్కసారే రాశాను. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు, కాలేజీ మ్యాగజైన్ కోసం. అది నా పేరుతోనే అచ్చయింది. మొదటి బహుమతి కూడా వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నోరంతా చేదుగా అవుతుంది.

మాది చిలకలూరిపేట అవతల, ప్రకాశం జిల్లా పొలిమేరకు దగ్గరగా ఉన్న పల్లె. నల్లరేగడి నేల. పత్తి, మిరప, అక్కడక్కడా పొగాకు. మా వాడ ఊరికి కాస్త ఎడంగా, చిన్న చర్చి చుట్టూ ఉండేది. నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. అమ్మ కూలికి వెళ్ళేది. అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా బైబిల్లో ఏ కథ తర్వాత ఏ కథ వస్తుందో తడుముకోకుండా చెప్పేది. ఆదివారాలు ఎవరో చదువుతుంటే విని, మనసులో పెట్టుకున్న చదువు అది.

ఎండలు మొదలయ్యాక అమ్మావాళ్ళకు కల్లంలో పని. ఎండబోసిన మిరపకాయల రాశి చుట్టూ కూచుని తాలుకాయలు ఏరేవాళ్ళు. ఎర్రటివి ఒక పక్కకి, తెల్లబారి పోయినవి ఇంకో పక్కకి. ఘాటుకి ముక్కులకు గుడ్డలు కట్టుకునేవాళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసి వచ్చిన ఏడాది నేనూ వాళ్ళ పక్కన కూచున్నాను. కాసేపటికే కళ్ళు మండి, తుమ్ములు ఆగక, పనికి అడ్డమయ్యాను. అప్పుడు మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, విసుక్కుంది.

"ఏందే నీ తుమ్ములు! దూరంగా ఆ చెట్టు కింద కూచోని ఆ పుస్తకమేదో గట్టిగా చదువు. మేమూ వింటాం. నీ వాటా మేం ఏరతాంలే."

ఆ పుస్తకమంటే ఆసామి భార్య ఇచ్చిన పాత వారపత్రికలు. ఆవిడ చదివేశాక వాటిని పెరటి అరుగు మీద పెట్టి, "తీసుకుపో" అనేది. చేతికి ఇచ్చేది కాదు. అందులో ఒక సస్పెన్స్ సీరియల్ వచ్చేది. భర్త పోయిన ఒకావిడ రైలు స్టేషన్ ఎదురుగా లాడ్జి నడుపుతుంటుంది. ఒక వానరోజున ఒక మనిషి వచ్చి గది తీసుకుంటాడు. పొద్దున తలుపు కొడితే పలకడు. లోపల గడియ వేసి ఉంది. తలుపు పగలగొడితే గదిలో ఎవరూ లేరు.

మా వాళ్ళకు చేతుల్లో కాయలు ఆగిపోయాయి.

"ఆ గదికి ఇంకో తలుపుంటదే," అంది అమ్మ.

"లేదని రాశారు గదమ్మా."

"రాసినోళ్ళు పోయి చూశారా ఏంది?"

ఆ సీరియల్‌తో మాకు కల్లం పని ఎలా సాగిందో తెలియలేదు. ఆసామి కూడా ఏమీ అనలేదు. చేతులు ఆడుతున్నాయి కదా, నోళ్ళు మూతబడ్డాయి కదా, అంతే కావాలి ఆయనకు. తీరా చివరి భాగం ఉన్న పత్రిక దొరకలేదు. ఆసామి భార్య దాన్ని ఊరగాయ జాడీల కింద పరిచేసింది. వారం రోజులపాటు కల్లంలో తలా ఒక ముగింపు చెప్పారు. ఎవరో పోలీసుల్ని తెచ్చారు, ఎవరో దయ్యాన్ని తెచ్చారు. పెద్దమ్మ అందరివీ విని చివర్లో అంది.

"అసలు ఆ గదిలోకి ఎవుడూ రాలేదే. ఒంటరిగా ఉండీ ఉండీ ఆ యమ్మే వచ్చాడనుకుంది. నాకూ వినపడతయి అడుగుల చప్పుళ్ళు. మీ పెదనాన్న పోయినకాడి నుంచీ."

ఆ తర్వాత గుంటూరులో అద్దె పుస్తకాల షాపులో ఆ నవల దొరికితే చివరి పేజీలు చదివాను. అమ్మ చెప్పినట్టే ఇంకో తలుపు ఉంది, అలమర వెనక. ఆ నవలంటే నాకు ఇష్టమే. కానీ నాకు ఇష్టమైన నవలకు ముగింపు మాత్రం పెద్దమ్మదే.

రెండోది మా ఊరి గ్రంథాలయంలో దొరికింది. పరభాషలోంచి తెచ్చిన సైన్స్ నవల. అట్ట చిరిగిపోయి, ఎవరు రాశారో కూడా తెలియలేదు. భూమి మీద గాలి విషమైపోయి జనమంతా నేల అడుగున నగరం కట్టుకుంటారు. అక్కడ గాలిని గొట్టాల్లో వదులుతారు. పై అంతస్తు వాళ్ళకు కావలసినంత, కింది అంతస్తు వాళ్ళకు పై వాళ్ళు వదిలితేనే. ఇది చదివితే నవ్వుతారనుకున్నాను. నిజంగానే ఒకామె నవ్వింది.

"గాలి కూడా ఒకడు వదిలితేనే పీలుస్తారంటే? చోద్యం!"

అమ్మ తలెత్తకుండానే అంది. "అందులో చోద్యమేముంది? ఊరి బావికాడ మన బిందెలో ఎవరో ఒకరు పోస్తేనే గదా మనకు నీళ్ళు. పోసేవోళ్ళు రాకపోతే ఎండలో ఎంతసేపైనా నిలబడాల్సిందే. ఆ రాసినాయన మన బాయి చూసుంటాడు."

ఆ రోజు నుంచి ఆ నవల మా వాళ్ళకు కట్టుకథ కాకుండా పోయింది. కింది అంతస్తు జనం గొట్టం తెంచే చోటుకి వచ్చేసరికి ఒకామె లేచి నిలబడి, "తెంచండి, తెంచండి" అని అరిచింది. కల్లం అవతల ఉన్న ఆసామి ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. "ఏం లేదయ్యా, కథ" అన్నారు అందరూ.

మూడోది పాతకాలపు పెద్ద తెలుగు నవల. గొప్ప నవల అని మా ఇంటర్ మాస్టారు చెప్పగా తెచ్చుకున్నాను. భాష గ్రాంథికం. నేను చదువుకుంటూ మామూలు మాటల్లోకి మార్చి చెప్పేదాన్ని. ఆ వాక్యాల నడకంటే నాకు మోజు. ఇంట్లో ఒక్కదాన్నే కూచుని కొన్ని పేజీలు పైకి చదువుకునేదాన్ని, అర్థం కోసం కాదు, ఆ చప్పుడు కోసం. అయితే అంత లావు పుస్తకంలో మాలాంటివాళ్ళు ఒక్కసారే కనపడ్డారు. నాయకుడు గుర్రం మీద వెళుతుంటే పొలాల్లో కూలివాళ్ళు పాడుకుంటున్నారని ఒక వాక్యం.

"ఏం పాటంట?" అని అడిగింది పెద్దమ్మ.

"రాయలేదు పెద్దమ్మా."

"వినపడ్డది గదా ఆయనకి. మరి రాయకపోడమేంది?"

నేను పేజీ తిప్పాను.

డిగ్రీకి గుంటూరులో మహిళా కాలేజీలో చేరాను, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి. తెలుగు చెప్పే మేడమ్‌కి నేనంటే అభిమానం. క్లాసులో పద్యం చదవాలంటే నన్నే లేపేది. మ్యాగజైన్‌కి 'నాకు నచ్చిన నవలలు' అనే విషయం మీద వ్యాసాల పోటీ పెట్టినప్పుడు, "నువ్వు తప్పకుండా రాయాలి" అంది. నేను ఆ మూడు నవలల గురించే రాశాను. కల్లం గురించి, అమ్మ మాట, పెద్దమ్మ మాట, అన్నీ. అంతకు ముందు నేనేం రాసినా ఎవరో రాసినట్టు ఉండేది. ఆ వ్యాసం మాత్రం నేను రాసినట్టే ఉంది. మేడమ్ చేతికి ఇచ్చిన రోజు సంతోషంతో అన్నం సయించలేదు.

మ్యాగజైన్ వార్షికోత్సవానికి ముందు వచ్చింది. హాస్టల్ మెట్ల మీద కూచుని నా పేజీ తెరిచాను. పైన నా పేరు, నా ఫొటో. మొదటి వాక్యం: 'మా నాన్నగారి పుస్తకాల బీరువా నా తొలి పాఠశాల.' చదువుకుంటూ పోయాను. లాడ్జి లేదు. నేల కింద నగరం లేదు. వాటి చోట రెండు గొప్ప పాత నవలలు ఉన్నాయి. వాటి పేర్లు విన్నాను గానీ చూడలేదు. మూడోది మాత్రం ఉంచారు, దాని వర్ణనల్ని మెచ్చుకుంటూ. అమ్మ లేదు, పెద్దమ్మ లేదు, మిరపకాయలు లేవు.

స్టాఫ్ రూమ్‌కి వెళ్ళాను. మేడమ్ ఒక్కతే ఉంది.

"మేడమ్, ఇది నేను రాసింది కాదండీ."

"నీదేనమ్మా. కాస్త దిద్దాను. దిద్దడం నా పని కదా."

"మా అమ్మావాళ్ళు లేరండీ ఇందులో."

ఆవిడ కుర్చీ చూపించింది. నేను కూచోలేదు. "చూడమ్మా, నీ మంచికోరే చెబుతున్నా. సస్పెన్సులూ అవీ బస్టాండులో దొరికే పుస్తకాలు. మ్యాగజైన్ పెద్దవాళ్ళ చేతుల్లోకి వెళుతుంది. పైగా ఆ కూలీ, ఆ బావి, ఆ బిందెలు... ఇంత తెలివైన పిల్లవి, నువ్వెవరో అందరికీ చాటుకోవాలా?"

"నేనెవరో అందరికీ తెలుసండీ. మా హాస్టల్ పేరు చెబితేనే తెలుస్తుంది."

ఆవిడ ముఖం ముడుచుకుంది.

"మా నాన్నకు బీరువా లేదండీ," అన్నాను మళ్ళీ. "ఆయన పాలేరండీ."

"ఏదో అలంకారానికి రాస్తామమ్మా. ఎవరొచ్చి మీ ఇల్లు వెతుకుతారు?"

నేను రాసిన కాగితాలు అడిగాను. ప్రెస్‌వాళ్ళు పారేసి ఉంటారంది.

వార్షికోత్సవానికి ఒంగోలు నుంచి ఒక పెద్దాయన ముఖ్య అతిథిగా వచ్చారు. రిటైరైన ప్రొఫెసర్. మంచి మనిషిలాగే ఉన్నారు. బహుమతి ఇవ్వడానికి నన్ను పిలిచినప్పుడు మ్యాగజైన్ తెరిచి పట్టుకుని ఉన్నారు. షీల్డు ఇచ్చి, మైకు నా ముందుకు జరిపారు.

"ఈ వయసులో ఈ నవల చదివావంటే ముచ్చటేసింది తల్లీ. చివర్లో ఆ తల్లి కొడుకును క్షమించింది కదా, ఎందుకు క్షమించిందంటావు?"

హాలు నిండా జనం. నాకు ఏ తల్లో, ఏ కొడుకో తెలియదు. ఏదో ఒకటి అల్లి చెప్పి ఉండొచ్చు. నా నోట్లోంచి అది రాలేదు.

"ఆ నవల నేను చదవలేదండీ."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నొచ్చుకుంటూ, "మరి రాశావు కదమ్మా?" అన్నారు. నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ వేదిక మీదే, ఆయన పక్క కుర్చీలో ఉంది. ఒక్క మాట చెబితే చాలు. ఆవిడ నా వైపు చూడకుండా ఆయన వైపు వంగి మెల్లగానే అంది. మైకు దగ్గరగా ఉండడంతో అందరికీ వినపడింది.

"ఎక్కణ్ణుంచో చూసి రాసుంటుందండీ. ఈ పిల్లలు అంతే."

'ఈ పిల్లలు' అంటే ఎవరో ఆ హాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

షీల్డు వెనక్కి తీసుకోలేదు. నేనే దాన్ని మెట్ల దగ్గర బల్ల మీద పెట్టి దిగిపోయాను. మర్నాటి నుంచి కాలేజీలో నా పేరు 'బీరువా' అయింది. "బీరువా వస్తోంది", "బీరువా, కాస్త జరుగు". మేడమ్ క్లాసులో పద్యం చదవడానికి వేరే అమ్మాయిని లేపడం మొదలుపెట్టింది.

తర్వాతి వారం ఇంటికి వెళ్ళాను. కల్లం పని జోరుగా సాగుతోంది. మ్యాగజైన్ వస్తుందని ముందే చెప్పి ఉన్నాను గనక అమ్మ వాడంతా చాటింది. నా సంచిలోంచి దాన్ని తనే తీసి, కొత్త తువ్వాలులో చుట్టి, కల్లానికి పట్టుకుపోయింది. నేను వద్దంటున్నా వినలేదు.

"చదవ్వే. మా గురించి రాశానంటివిగా. పొద్దుట్నుంచీ కాసుకోని ఉన్నారు అందరూ."

అబద్ధం కల్పించి చదవాలనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. మొదటి వాక్యానికే అమ్మ ముఖం మారింది. వాళ్ళు మధ్యలో ఒక్క మాటా అనకుండా వినడం అదే మొదటిసారి. అయిపోయాక ఒకామె, "మనం యాడ వస్తాం ఇందులో?" అని పక్కామెను అడిగింది.

"బీరువా యాడిదే మీ నాన్నకి?" అంది అమ్మ.

జరిగిందంతా చెప్పాను. మేడమ్ మాటలు, హాలు, మైకు. అమ్మ తాలుకాయలు ఏరుతూనే అంది.

"పోనీలేవే. పేరు నీదే వేశారుగా. ఫొటో కూడా బాగుంది."

మేడమ్ అన్నదానికన్నా ఈ మాట నన్ను ఎక్కువ కోసింది. అమ్మకు అందులో తప్పేమీ కనపడలేదు. జీవితమంతా ఎవరు ఎంత వదిలితే అంతే తీసుకున్న మనిషి.

పెద్దమ్మ అట్లా కాదు. ముక్కు గుడ్డ విప్పి, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"మా మాటలు అంత కంపు కొట్టినయ్యా ఆవిడకి?"

"ఆవిడ తప్పు పెద్దమ్మా, నేను రాశాను..."

"నువ్వు రాశావే. నిన్ననట్లా. అప్పటిదాకా ఎవురికీ చెప్పుకోని మాట, ఆ అడుగుల చప్పుళ్ళ మాట, చెప్పా ఆ రోజు. పోయి యాడనో చెత్తకుప్పలో పడ్డది." మళ్ళీ గుడ్డ కట్టుకుని పనిలో పడింది.

మర్నాడు కొత్త నవల పట్టుకుని వెళ్ళాను. "వద్దులే, ఎండకి తల నొస్తంది" అంది పెద్దమ్మ. ఆవిడ వద్దంటే మిగతావాళ్ళు అడగలేదు. రెండు రోజులు చూసి మానేశాను. పై ఏడు కల్లంలోకి ఎవరో ట్రాన్సిస్టర్ తెచ్చారు. ఇక చదివేవాళ్ళ అవసరం లేకపోయింది.

డిగ్రీ పూర్తయింది. బీఎడ్ చేసి ఒంగోలు దగ్గర టీచర్‌గా చేరాను. నేను ఉద్యోగంలో ఉండగానే పెద్దమ్మ పోయింది. ఆవిడ నాతో ముభావంగా ఏమీ లేదు. వెళ్ళినప్పుడల్లా అన్నం పెట్టేది, ఆరోగ్యం అడిగేది. కథ చెప్పమని మాత్రం మళ్ళీ అడగలేదు. అమ్మ మాత్రం మ్యాగజైన్‌లో నా పేజీని కత్తిరించి, అన్నం మెతుకులతో గోడకు అతికించుకుంది. ఇంటికి ఎవరొచ్చినా చూపించేది. చదవడం వచ్చినవాళ్ళు చదివి, మా నాన్న వైపు ఒకసారి, ఖాళీ గోడల వైపు ఒకసారి చూసేవాళ్ళు. నాన్న లేచి గొడ్ల దగ్గర పనుందంటూ బయటికి వెళ్ళిపోయేవాడు.