ఎండుచేపల కింది తలుపు

వరంగల్ మార్కెట్ మూలన నూకాలు ఎండుచేపలు అమ్మేది బల్ల మీద కాదు, తలుపు మీద. ఇటుకల మీద అడ్డంగా పరిచిన ఆ తలుపుకి గడియ ఇంకా ఉంది, పసుపు మరకలూ ఉన్నాయి. ఆమె పుట్టిన తీరంలో కెరటాలు గోడ దాకా వస్తే ముందు తలుపు ఊడదీస్తారు. వెనక్కి జరిగి, అదే తలుపుతో ఇంకో ఇల్లు కట్టుకుంటారు. నూకాలు అలా జరిగి జరిగి, ఇక జరగడానికి చోటు లేక, తలుపును చేపల లారీలో వేసుకుని ఇక్కడికొచ్చింది. అమావాస్య వస్తే ఆమె కుదురుగా ఉండదు. ఆ రోజు సముద్రానికి పోటు ఎక్కువ. తూకం వేస్తూనే ఒళ్లోని ఫోన్ తడుముకుంటుంది, తలుపు గడియను ముందుకీ వెనక్కీ లాగుతుంది.

మొన్నటి అమావాస్యనాడు, కొత్తవాడ నుంచి వచ్చే చిలుకమ్మ ఎండురొయ్యలు ఏరుకుంటుండగా, ఊళ్లో ఉన్న తమ్ముడు ఎల్లాజీ ఫోన్ చేశాడు. అతని మాటకన్నా ముందు కెరటాల హోరు వినిపించింది.

“అక్కా, వంటగది గోడ పోయింది!”

“గిన్నెలు వదిలెయ్యరా! ముందు తలుపు ఊడదియ్యి!”

ఆ అరుపుకి బజారంతా తిరిగి చూసింది.

“ఏమైతాందక్కా? జర చెప్పు,” అంది చిలుకమ్మ.

నూకాలు చెయ్యెత్తి ఆగమంది. ఫోన్‌లో సుత్తి దెబ్బలు, ఏదో విరిగిన చప్పుడు, తరవాత ఉత్త హోరు. ఆమె వేళ్లు గడియను బిగించి పట్టుకున్నాయి.

“ఒరేయ్ ఎల్లాజీ, పలకరా!”

“తీసేనక్కా. నా నెత్తి మీదే ఉంది తలుపు,” ఆయాసపడ్డాడు ఎల్లాజీ. “ఎక్కడెట్టమంటావ్?”

నూకాలు ఆ తలుపుకి ఇక్కడే చోటు చేస్తున్నట్టు, చేపల్ని ఒక పక్కకి జరపసాగింది.