చేతి తూకం

మా వీధిలో ఎవరికి నడుం పట్టేసినా, మెడ పట్టేసినా ఆమె తలుపే తట్టేవారు. అందుకే పట్లత్త అని పేరు. వయసులో ఉండగా ఒక కైరోప్రాక్టర్ దగ్గర బల్లలు తుడిచే పనికి చేరి, ఆయన చేతులు చూసి చూసి వెన్ను సరిచేయడం నేర్చుకుంది. ఆ క్లినిక్ మూతపడ్డాక తన ముందు గదిలో సొంతంగా బల్ల వేసుకుంది. వడ్రంగిని కదా, ఆ బల్ల నేనే చేశాను. బోర్లా పడుకున్నవాళ్లు ముఖం పెట్టుకునే కంత ఎంత ఉండాలో తన ముఖం పెట్టి చూసుకుని మరీ చెప్పింది.

"అరవకు అల్లుడూ! ఎముక నీదైనా చెవులు నావి," అనేది మొత్తుకునేవాళ్లతో.

ఒకసారి ఎదురింటి దర్జీ భార్య పాలుతాగే బిడ్డను తెచ్చింది. ఎన్ని పాలిచ్చినా ఒళ్లు చేయడం లేదు. పట్లత్త తడిమి చూసి, బిడ్డ మెడ ఒక పక్కకు తిరగడం లేదని కనిపెట్టింది. పండిన టమాటాను నొక్కి చూసినంత మెల్లగా, వేలికొసతో కొన్నాళ్లు సరిచేసింది. మెడ తిరిగింది. బిడ్డ రెండు వైపులా పాలు తాగాడు, బుగ్గలు వచ్చాయి. ఇక బరువు పెరగని పిల్లలందరూ ఆ బల్ల మీదికే వచ్చారు. పని మొదలుపెట్టే ముందు ఆమె బిడ్డను రెండు అరచేతుల్లో ఎత్తి, కళ్లు మూసుకుని బరువు చూసేది. మళ్లీ వారం ఎత్తి "పెరిగింది" అంటే, పెరిగినట్టే.

ఆ తర్వాత ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. పుట్టుకతోనే సన్నం. నాలుగు గుక్కలు తాగేసరికి అలిసిపోయేది, నుదురంతా చెమట.

"నర్సు తూకం వేయించమంది కదమ్మా, ఆసుపత్రికి వెళ్దామా?" అంది కూతురు.

"వీధి పిల్లలందర్నీ చూసేదాన్ని, నా మనవరాలికి ఇంకొకరెందుకే? మెడ కాస్త బిగుసుకుంది, అంతే."

"మరి ఆ చెమటేంటి?"

"అన్ని గుడ్డలు చుడితే నీకైనా పడుతుంది. కాస్త గాలాడనివ్వు."

రోజూ పొద్దున్నే పాపను బల్ల మీద పడుకోబెట్టి మెడ, వెన్ను సవరించేది. పాప ఏడవకుండా నిద్రపోయేది. "చూశావా, ఎంత హాయిగా ఉందో!" అని మురిసిపోయేది. ఎత్తి చూసి "బరువెక్కింది" అనేది.

మిగతా పిల్లలను ఆమె వారానికోసారి ఎత్తేది. ఈ పిల్లను రోజంతా దించేది కాదు. ఆ బరువు ఆ చేతులకు అలవాటైపోయింది. అలవాటుపడిన చెయ్యి తేడా చెప్పదు. ఇది పనిచేసేవాళ్లెవరైనా ఒప్పుకునే మాటే. కానీ తన చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

ఒక ఉదయం పాలు తాగుతుండగా పాప పెదాలు నీలంగా మారాయి. కూతురు ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది, వెనకే పట్లత్త. తూకం మీద పెడితే, పుట్టినప్పటి బరువు కూడా లేదు.

"మెడలో ఏమీ లేదమ్మా, గుండెలో పెద్ద రంధ్రం ఉంది," అంది డాక్టరమ్మ. "ఆపరేషన్‌కి తట్టుకునే ఓపిక ఇప్పుడీ ఒంట్లో లేదు. కాస్త ముందు తెచ్చుంటే..."

పాప బల్ల మీద నిద్రపోయింది హాయిగా ఉండి కాదు, ఏడ్చే సత్తువ లేక.

పాప దక్కలేదు. గుడ్డలో చుట్టి ఇచ్చినప్పుడు కూతురు పాపను తల్లి చేతుల్లో పెట్టింది.

"ఎత్తి చూడమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు.

కొన్నాళ్లకు పట్లత్త ఒక తూకం యంత్రం కొని నా దగ్గరికి తెచ్చింది. "దీని మీద పిల్లలు పట్టే తొట్టి కావాలి అల్లుడూ. అంచులు గుండ్రంగా తియ్యి, గీసుకోకుండా," అంది. చేసిచ్చాను. అంచు పొడవునా వేలు పోనిచ్చి చూసి, ఒకచోట మళ్లీ నునుపు చేయించింది.

ఇప్పటికీ పెద్దవాళ్ల నడుములు చూస్తుంది. అరిచేవాళ్లను అరవనిస్తుంది. చంటిపిల్లలు వస్తే మాత్రం ముందు తూకం, ఆ తర్వాత ఆసుపత్రి దారి. మొన్న ఆమె కిటికీ సరిచేస్తుండగా ఒకావిడ పసివాణ్ణి తెచ్చింది.

"తూకమెందుకత్తా? మీరొక్కసారి ఎత్తి చెప్తే చాలు," అంటూ బిడ్డను అందించబోయింది.

పట్లత్త చేతులు కాస్త లేచాయి. మళ్లీ దించి, తొట్టి అంచు పట్టుకుంది.

"నువ్వే పడుకోబెట్టు తల్లీ," అంది.