మిట్ట అవతల బంతి

వాన వెలిశాక పలకల గనిలోంచి తడిరాతి వాసన వస్తే నాకు శెట్టిగారు గుర్తొస్తారు. ఆయన వెంటే అనుమానమూ వస్తుంది. మార్కాపురం పక్కన, దొరల కాలంలో వేసిన మా గోల్ఫ్ మైదానంలో, చింతచెట్ల మధ్య తొమ్మిది గుంటలున్నాయి. ఏడోదంటే అందరికీ హడలే. మిట్ట అవతల ఉన్న పాడుబడిన గనిని దాటించి కొట్టాలి. బంతి ఎక్కడ పడిందో కొట్టినవాళ్ళకు కనబడదు. అందుకని అక్కడొక కట్టుబాటు ఉంది: ఎవరి బంతిని వాళ్ళు వెతకకూడదు, ఎదుటి ఆటగాడే ఒంటరిగా వెళ్ళి చూడాలి. సొంత బంతి దగ్గర కాలు ఊరుకోదని, మంచి చోటికి జరిపేస్తుందని పెద్దలు పెట్టారట. ఎదుటివాడి కాలు మాత్రం ఊరుకుంటుందా అని నాకు మొదటినుంచీ సందేహమే.

శెట్టిగారికి బజారులో పలకల దుకాణం, క్లబ్బులో సెక్రటరీ పదవి. తన నీడనైనా నమ్మని మనిషి. గడ్డి కోసే మా నాయన ఇంటికి బయలుదేరితే సంచి తట్టి చూసేవారు. అలాంటాయన నన్ను పిలిచి ఆట నేర్పుతాననేసరికి మా ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

"శెట్టి ఊరికే ఏదీ ఇయ్యడు. చూసి నడుచుకో" అన్నాడు నాయన.

ఏళ్ళ తరబడి నేర్పారు. ఈరోజు ఏదో అడుగుతారు, రేపు అడుగుతారు అని కాచుకున్నాను. ఏమీ అడగలేదు. దాంతో నా భయం ఇంకా పెరిగింది.

పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం ఖాళీ అయినప్పుడు, కూలివాళ్ళ పిల్లకు ఎట్లా ఇస్తామని సభ్యులు గొణిగారు. ముందు శెట్టిగారిని గెలవమన్నారు. ఏడో గుంట దాకా ఇద్దరం సమానం. అక్కడ నా దెబ్బ సరిగా తగల్లేదు. బంతి గనిలో పడిందనే అనుకున్నాను. శెట్టిగారు మిట్ట దాటి వెళ్ళారు. ఎంతసేపటికీ కేక లేదు. నా ఉద్యోగం ఆయన చెప్పు కింద ఉందనిపించింది. చివరికి రమ్మని పిలిచారు. బంతి గుంటలో పాతిన జెండాకు దగ్గరగా, మెత్తటి గడ్డిలో ఉంది. ఇక్కడే ఉండిందా అని అడిగాను.

"నువ్వు కొట్టినావు, నేను చూసినా. ఇంక ఆడు పాపా" అన్నారు, నా ముఖం చూడకుండా.

నేను గెలిచాను. ఆయన మంచాన పడ్డాక ఒకసారి పోయి నిజం చెప్పమన్నాను.

"జరిపినానని అనుకుంటాండావా? అట్లనే అనుకో. ఆ అనుమానంతోనే బాగా ఆడతావు" అన్నారు.

ఆయన పోయాక కూడా అదే చోట నిలబడి ఎన్నో సాయంత్రాలు కొట్టి చూశాను. బంతి ఒక్కసారీ ఆ గడ్డిలోకి పోలేదు. ఆయన మీద నాకు కోపమూ ఉంది, ప్రేమా ఉంది.

మొన్న యర్రగొండపాలెం నుంచి వచ్చే నా శిష్యురాలితో ఆడాను. నన్ను గెలిస్తే పెద్ద పోటీలకు పంపుతారు. ఏడో గుంట దగ్గర ఆమె బంతి గని అంచున, రాళ్ళ మధ్య ఇరుక్కుంది. మిట్ట అవతల నేనొక్కదాన్నే. నా కాలు దానంతటదే లేచింది. బంతిని తాకకుండా బలవంతాన దించి, రమ్మని కేకేశాను.

"నిజంగా ఇక్కడే ఉండిందా మేడమ్?" అంది ఆ పిల్ల, నన్ను అనుమానంగా చూస్తూ.

అవునన్నాను. ఆమె నమ్మలేదు. నేను మాత్రం ఆమె కళ్ళలోకి చూసే చెప్పాను.