శుక్రవారం కారు

మా ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం కారు కడిగి, బొట్టు పెట్టి, నన్ను ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కొత్తపేట తీసుకెళ్లేవారు. ఆయన పోయేక కూడా నేను ఆ అలవాటు మానలేదు. నాకు నడపడం రాదు. అందుకని కారు తుడిచి, బొట్టు పెట్టి, నా సీట్లోనే కూర్చుని, చెయ్యి చాపి తాళం సగం తిప్పేదాన్ని. రేడియో పాడేది. పెట్రోలు ఖర్చు లేకుండా ఆయనతో ఊరెళ్లొచ్చినట్టుండేది.

మొన్న మా అబ్బాయి ఆ కారు తీయబోతే ఇంజను మూలిగి మూలిగి ఆగిపోయింది. స్టీరింగు వెనక బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"దీని పని అయిపోయిందమ్మా, పాతసామానుకి ఇచ్చేద్దాం" అన్నాడు.

నేను మెకానిక్కుని పిలిపించేను. అతను బెల్టు నొక్కి చూసేడు. బ్యాటరీ వైర్లు గోకి బిగించేడు.

"బండి ఎప్పుడైనా స్టార్టు చేస్తున్నారా, మామ్మగారూ?"

"ఎందుకు చెయ్యడం? పెట్రోలు దండగ. రేడియో ఒక్కటే పెడతాను."

"ఆయ్! పెట్రోలు మిగిల్చి బ్యాటరీ తాగేసేరండీ."

మా అబ్బాయి నవ్వేడు. నేను ఒక్క చూపు చూసేసరికి మానేడు.

మెకానిక్కు తను తెచ్చిన బ్యాటరీని వైర్లతో మా బ్యాటరీకి కలిపి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. ఎర్ర లైటు ఆరింది.

"ఛార్జింగు బాగానే ఉందండీ. వారానికోసారి కాస్త దూరం తిప్పండి, చాలు."

"ఇంజను ఆపకు" అన్నాను మా అబ్బాయితో, ఎడమ పక్క ఎక్కి కూర్చుంటూ. "కొత్తపేట పోనీ. నెమ్మదిగా పోనీ, మీ నాన్నగారు అలాగే నడిపేవారు."

వాడు రేడియో పెట్టబోతే వద్దన్నాను. ఆ ఇంజను చప్పుడు విని ఎన్నాళ్లయిందో.