ఎడమచేతి బ్యాటు

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, ఆలేరు స్టేషన్‌లో ఒకాయన వచ్చి నా పక్కన కూచున్నాడు. నా చేతిలో మా అన్న టెన్నిస్ బ్యాటుంది. అన్న కమ్యూనిస్టుల సంఘంలో చేరి అజ్ఞాతంలో ఉన్నాడు. మిలిటరీ అతని కోసం వెతుకుతోంది.

"బ్యాటెవరిది తమ్మీ?"

"నాదే సార్."

ఆయన పిడిమీది తోలు చూశాడు. "నల్లగొండ క్లబ్బుల ఏటా పోటీలు పెట్టేటోళ్లు. ఓడినోడు తర్వాతి ఆటకు అంపైరుగ కూసోవాలె. ఫైనల్ల ఓడినోడైతే మరుసటేడు మొదటి ఆటకు. ఆఖరుసారి ఫైనల్ల ఓడింది ఒక ఎడమచేతి పిలగాడు. మల్ల పోటీలే లేకపాయె. ఇప్పుడు యాడున్నడో ఎరుకేనా?"

"నాకేం ఎరుక సార్" అన్నాను. బ్యాటును కుడిచేత్తో ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

రైలొచ్చింది. ఆయన లేచి, బ్యాటును నా కుడిచేతిలోంచి తీసి ఎడమచేతిలో పెట్టాడు. "నీదే అంటే గిట్ల పట్టుకోవాలె. గీ తోలు ఎడమచేతికి అరిగింది" అన్నాడు.

ఆయనెక్కిన రైలు నేను ఎక్కలేదు. అన్నతో ఆడినవాడో, అన్నను వెతికేవాడో ఇప్పటికీ తెలియదు.

పోటీలు మళ్ళీ జరగలేదు. అన్న తిరిగి రాలేదు. ఇంట్లో దుమ్ము దులిపేటప్పుడు ఆ బ్యాటును ఎడమచేత్తోనే తీస్తాను.