జేజి ప్లేట్లకు నేను పోసిన తలంటు

నేను చేసిన ఘనకార్యాల్లో ఒకదాన్ని చెబుతాను. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. కోయిలకుంట్లలో మా వీధివీధంతా ఆ పని ఎప్పుడో చేసేసింది.

తెల్లదొరలు ఇంకా ఉన్న రోజులు. నాకు పద్నాలుగేళ్లు, అంటే సర్వం తెలిసిన వయసు. మా నాయన తల్లిని జేజి అనేవాళ్లం. ఆమెకు పాటంటే ప్రాణం. కానీ కోడలు గొంతెత్తితే ఆమె మామగారికి గిట్టేది కాదట. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా జేజి నోరు విప్పలేదు. నాయన కర్నూలు నుంచి గ్రామఫోను, ఆరు ప్లేట్లు తెచ్చాక, రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని పెదవులు మాత్రం కదిలించేది.

ఆ ఎండాకాలం ప్రొద్దుటూరు నుంచి జేజి అక్క, మా పెద్దజేజి, వస్తోందని కబురొచ్చింది. చిన్నప్పుడు జేజికి పాట నేర్పింది ఆవిడే. ఒకరినొకరు చూసుకుని పన్నెండేళ్లు. వచ్చిన మర్నాడే మళ్లీ బండెక్కుతుంది.

"మా అక్కకు ఆరు ప్లేట్లూ వినిపించల్ల," అని జేజి వారం నుంచి కలవరిస్తోంది.

నాకేమో సాయం చేయాలని దురద. ప్లేట్ల మీద దుమ్ముంది కదా! కుంకుడుకాయ రసంతో తలంటు పోశాను. పేర్లు అచ్చేసిన కాగితాలు ఊడి నీళ్లలో తేలితే, మురికి బాగా వదిలిందని మురిసిపోయాను. తర్వాత మిద్దెక్కి, నాపబండల మీద వడియాల పక్కన వరసగా ఆరబెట్టాను. మా సీమలో ఏది తడిసినా మిద్దె మీదికి పోవాల్సిందే. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ బండలెలా ఉంటాయో మా ఊరి కాకుల్ని అడగండి.

పెద్దజేజి బండి దిగి కాళ్లు కడుక్కుంది. జేజి గ్రామఫోను పెట్టె దగ్గరికి పోయి కేక వేసింది.

"మే, ప్లేట్లు యాడ పెట్టినావే?"

"మిద్దె మీద ఆరబెట్టినా, జేజీ."

"ఆరబెట్టేదేంది? అవేమన్నా వడియాలా?"

"కడిగినా కదా. శానా మురికి పోయింది."

పరుగున పోయి బుట్టలో తెచ్చాను. ఆరుకు ఆరూ అంచులు పైకి లేచి, పులుసు పోసుకోవడానికి వీలుగా తయారయ్యాయి.

"ఈ నల్ల గిన్నెలు బాగుండాయే లింగీ!" అంది పెద్దజేజి చెల్లెలితో.

జేజి తక్కువ వంగినదాన్ని పెట్టి ముల్లు ఆనించింది. లోపలి గాయకుడు గుట్ట ఎక్కుతున్నవాడిలా రెండుసార్లు మూలిగి, ముల్లుతో సహా జారిపడ్డాడు. అప్పటికే వీధి ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. జేజి కళ్లలో నీళ్లు. నేను తలుపు చాటున.

"అవి పోతే పోనీలే. నువ్వు పాడు," అంది పెద్దజేజి.

"నేనా? నేను పాడి నలభై ఏండ్లాయ, అక్కా."

"ఈడ వద్దనేటోళ్లు ఎవరుండారు?"

జేజి చుట్టూ చూసింది. నిజమే, వద్దనేవాళ్లు ఎవరూ లేరు. అలవాటు కొద్దీ పెట్టెకు కీ తిప్పి, గొంతు విప్పింది. మొదట వణికింది గానీ, తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. మూడో ప్లేటుకు ఒక గీత ఉండేది. అక్కడ ముల్లు తట్టుకుని ఒకే ముక్క తిరిగి తిరిగి వచ్చేది. జేజి కూడా అక్కడే ఆగి ఆ ముక్కనే నాలుగుసార్లు పాడింది. నేను వెళ్లి భుజం తడితే గానీ పాట ముందుకు కదల్లేదు. వీధివాళ్లెవరూ నవ్వలేదు, వాళ్లకు ఆ పాట అలాగే తెలుసు. పెద్దజేజి మాత్రం నోరు వెళ్లబెట్టింది.

అప్పటి ప్లేట్లలో పాట అయ్యాక పాడినవాళ్లు తమ పేరు చెప్పేవారు. ఆఖరి పాట ముగించి జేజి ఒక్క క్షణం ఆగింది.

"కోయిలకుంట్ల నాగలింగమ్మ!" అంది గట్టిగా.

ఆమె నోట ఆమె పేరు వినడం నాకదే మొదలు. సంతోషంతో ఏడుపొచ్చింది.

నాయనకు మాత్రం నా మీద కోపం పోలేదు. మహానందికి తీసుకెళ్లి, కోనేట్లో మూడు మునకలు వేయించి, బట్టలూ వడియాలూ తప్ప ఈ జన్మలో మరేదీ ఎండలో ఆరబెట్టనని నాచేత ఒట్టు పెట్టించాడు. ఆ వారమే కొత్త ప్లేట్లు తెచ్చాడు.

జేజి వాటిని ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, నా చెవిలో చెప్పింది:

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, ఇవి గూడా కడిగి ఆరేసి రాపో. ఎండ బాగుండాది."